గురుగ్రహం మీద కాగితం పట్టీ

1989 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు వారం, మా సైన్సు బస్సుకు మేడిగుంటపాలెంలో మూడు సాయంత్రాల శిబిరం వేశారు. చిలకలూరిపేట నుంచి ఒంగోలు వైపు పోయే రోడ్డు దిగి, నల్లరేగడి చేల మధ్య మట్టిబాట పట్టి కొంతదూరం పోతే వచ్చే ఊరు అది. పత్తితీతలు జోరుగా సాగుతున్నాయి. మిరప తొలికోతకు వస్తోంది. ఆ బస్సులో నా హోదా ప్రదర్శకురాలు. పగలు బస్సులోని బోర్డుల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వివరించడం, చీకటి పడ్డాక బయట దూరదర్శినిలో ఆకాశం చూపించడం నా పని.

ఆ ఉద్యోగం మానేసి ఇప్పటికి మూడేళ్ళు. విరమణ అనే మాట జుట్టు నెరిసినవాళ్ళకే నప్పుతుంది గాని, చేసిన నాలుగేళ్ళలో నేర్చుకున్నది రాసి ఉంచితే ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఒకరిద్దరు అన్నారు. పిల్లలిద్దరూ నిద్రపోయాక రాస్తున్నాను. చిన్నవాడికి రెండు రోజులుగా దగ్గు. ఒక పేరా రాసి, వెళ్ళి వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ వచ్చి రాస్తున్నాను.

మా బస్సు షెడ్డు గుంటూరు పక్కన నల్లపాడులో ఉండేది. సీట్లు తీసేసి, రెండు వైపులా బోర్డులు బిగించిన పాత బస్సు. ఎక్కిన మనిషి ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా నడిస్తే భూమి, చంద్రుడు, సూర్యుడు, గ్రహాలు, నక్షత్రాలు వరసగా వచ్చేవి. డ్రైవరు కాక సిబ్బంది ఇద్దరం, నేనూ టెక్నీషియన్ ప్రకాశరావు గారూ. యాభై దాటిన మనిషి. జనరేటరు, దీపాలు, దూరదర్శిని ఆయన బాధ్యత. మా అందరి మీద, బస్సును పంపే సైన్సు మ్యూజియం క్యురేటర్ శేషగిరిరావు గారు. బోర్డుల మీది ప్రతి అక్షరమూ ఆయన రాసిందే. నాది తాత్కాలిక పోస్టు. ఏటా డిసెంబరులో క్యురేటర్ ఏదో ఒక శిబిరానికి తనిఖీకి వచ్చి, ఆయన సరేనంటేనే మరో ఏడాది పొడిగించేవారు. ఆ ఏడు తనిఖీ మేడిగుంటపాలెంలో, మూడో సాయంత్రం అని ముందే కబురు వచ్చింది.

తనిఖీ పద్ధతి చెప్పాలి. దూరదర్శిని దగ్గర చూసి వచ్చినవాళ్ళలోంచి క్యురేటర్ తనకు తోచిన ఐదుగురిని పక్కకు పిలిచి, ఏం చూశారని అడుగుతారు. బోర్డు మీద ఉన్నది వాళ్ళ నోట వస్తే ప్రదర్శకురాలు బాగా చెప్పిందని లెక్క. రాకపోతే చెప్పలేదని లెక్క. అంతకుముందు రెండేళ్ళూ చంద్రుడి గుంటల మీద ఆ పరీక్ష నెగ్గాను. ఈసారి చంద్రుడు అర్ధరాత్రికి గాని లేవడం లేదు. తూర్పున గురుగ్రహం పొద్దుగూకగానే లేచి, భోజనాల వేళకు తాటిచెట్ల మీదకు వస్తోంది. కనుక పరీక్ష గురుగ్రహం మీద.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా పాపకు అప్పుడు పది నెలలు. సీసా పాలు ముట్టేది కాదు. మావారి ఉద్యోగం ఒంగోలులో, వారానికోసారి వచ్చేవారు. మామూలుగా నేను శిబిరానికి పోతే బ్రాడీపేటలో మా అత్తగారు చూసుకునేవారు. రాత్రికి తిరిగి వచ్చే ఊళ్ళకే నన్ను వేసేవారు. ఆ వారం అత్తగారికి కళ్ళకలక పట్టుకుంది. పిల్లను ఎత్తుకోవద్దన్నాడు డాక్టరు. మేడిగుంటపాలెం ఏమో బస చేయవలసిన ఊరు. పర్యటనలో కుటుంబ సభ్యులు ఉండకూడదన్నది నియమం. సెలవు పెడితే తనిఖీకి మనిషి లేదని రాసుకుంటారు, పోస్టు పోతుంది. ప్రకాశరావు గారిని అడిగితే, "ఎక్కించండమ్మా, బస్సులో భూమే పట్టింది, పాప పట్టదా" అన్నారు. తీసుకుపోయాను.

మాకు బస మాలపల్లె చర్చి ఆవరణలో. బస్సు అక్కడే పెట్టాం. పాస్టరు గారి ఇంట్లో నాకూ పాపకూ ఒక గది ఇచ్చారు. చర్చి ముందు ఎత్తైన వెదురుగడకు రంగు కాగితాల నక్షత్రం కట్టి లోపల పెద్ద బల్బు పెట్టారు. ఆ వెలుతురులో దూరదర్శిని ఎందుకూ పనికిరాదు. పాస్టరు గారికి విషయం చెప్పి, మేము చూపించే కాసేపు నక్షత్రం ఆర్పించమని అడిగాను. ఆయన నవ్వి, తూర్పుదేశపు జ్ఞానులకు నక్షత్రం వెలిగించి చూపించారు గాని, ఆర్పి చూపించమని అడిగినవాళ్ళు మీరేనమ్మా అన్నారు. అయినా మూడు రోజులూ ఆర్పించారు.

చర్చి ఊడ్చి, నీళ్ళు పట్టి, గంట కొట్టే మనిషి సువార్తమ్మ. పగలు పత్తితీతకు పోయి, పొద్దు వాలాక చర్చి పనికి వచ్చేది. మొదటి సాయంత్రం నేను బోర్డుల దీపాలు సరిచూస్తుంటే పాప ఏడుపు లంకించుకుంది. సువార్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి రెండు చేతులూ చాచింది.

"పిల్లనిటు తే టీచరమ్మా. నీ బోర్డులకు ఏడుపాపడం వచ్చా ఏంటి?"

ఇవ్వడానికి నా చేతులు వెంటనే రాలేదు. ఆమె చేతులు కడిగి ఉన్నాయా అని చూశాను. అది గమనించి, కొళాయి దగ్గరకు పోయి నా ఎదుటే మళ్ళీ కడుక్కుని వచ్చింది.  పాపను చంకనేసుకుని, "ఏమే కోతీ, మీ అమ్మని పని చేసుకోనియ్యవా" అంటూ చర్చి అరుగు మీదికి తీసుకుపోయింది. ఆ తరువాత మూడు రోజులూ ప్రదర్శన జరుగుతున్నంతసేపూ పాప ఆమె చంకనే ఉంది. పిల్లల్ని ఎత్తుకుని బస్సు ఎక్కకూడదని తలుపు మీద రాసి ఉండేది, బోర్డుల గాజు పగులుతుందని. అందువల్ల సువార్తమ్మ బస్సు ఎక్కనే లేదు.

నేను ఎక్కువ సేపు చెప్పవలసిన బోర్డు మహాగ్రహాలది. గ్రహాలను రెండు తరగతులుగా విడదీస్తారు. భూమి, అంగారకుడి వంటి చిన్న, రాతి గ్రహాలు ఒక తరగతి. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ రెండో తరగతి. వీటికి నిలబడడానికి నేల ఉండదు. చాలా భాగం హైడ్రోజన్, హీలియం వాయువులు; పైన మబ్బులు; లోపలికి పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి వాయువే ద్రవంలా మారుతుంది. గురుగ్రహం మీద కనిపించేదంతా మబ్బే. వాయువు పైకి లేచేచోట అమ్మోనియా గడ్డకట్టి తెల్లని మబ్బు కడుతుంది. దిగేచోట ఆ మబ్బు పలచబడి అడుగునున్న గోధుమరంగు బయటపడుతుంది. దూరం నుంచి ఆ గోధుమరంగు నల్లగా కనబడుతుంది, అందుకే ఆ గ్రహం తెలుపు, నలుపు చారలుగా కనిపిస్తుంది. నడుముకు ఇరువైపులా ఉండే రెండు నల్ల పట్టీలు చిన్న దూరదర్శినికి కూడా అందుతాయి. బోర్డులో ఒక్కో గ్రహం కింద "గుర్తింపు లక్షణం" అని ఒక గడి ఉండేది. గురుగ్రహం గడిలో "రెండు నల్ల పట్టీలు" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

మొదటి సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది. వెలుతురుండగా పడమట శుక్రుణ్ణి చూపించాను. నెలవంకలా ఉన్నాడని అందరూ ఆశ్చర్యపోయారు. తరువాత ఒక జట్టు బస్సులోకి, అక్కడినుంచి దూరదర్శిని దగ్గరకు. మాది ఆరంగుళాల అద్దం ఉన్న దూరదర్శిని. ఊళ్ళల్లో దాన్ని గొట్టం అనేవాళ్ళు. నేను పక్కన నిలబడి, ఒక్కొక్కరు కన్ను పెట్టగానే, బోర్డులో చూసిన రెండు నల్ల పట్టీలు కనిపిస్తున్నాయా అని అడిగేదాన్ని. కనపడ్డాయండీ అనేవాళ్ళు. తరువాతి మనిషి. కనపడ్డాయండీ. కండువా భుజాన వేసుకున్న పెద్దరైతు ఒకాయన, నా మీద గౌరవం కొద్దీ, మూడు కనపడ్డాయన్నారు.

వరస అయిపోయాక సువార్తమ్మ వచ్చింది. పాప ఆమె భుజం మీద నిద్రపోయింది. పాపను అందుకుని, నువ్వూ చూడవమ్మా అన్నాను. నా గొంతు బొంగురుపోయి ఉంది, ఇంక ఏమీ వివరించలేదు. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. ఏం కనపడిందని అడిగాను.

"గుండ్రంగా దీపపు చిమ్నీలాగుందమ్మా. అటుపక్కా ఇటుపక్కా చుక్కలు. నడుమ కిందుగా ఒక చార."

"ఒకటా, రెండా?"

"ఒకటే." కన్ను తీసి నా ముఖం చూసింది. "రెండుండాలా? ఉండాలంటే రెండనే చెబుతాలే, దానికేముంది."

పాపను ఎత్తుకునే వంగి చూశాను. ఆ సాయంత్రమంతా గురుడి పక్కనున్న నాలుగు చందమామలు సూదిమొనల్లా వచ్చాయా లేదా అన్నదే చూసి, గొట్టం సరిచేసి పక్కకు తప్పుకున్నాను తప్ప నిదానంగా గ్రహాన్ని చూడలేదు. ఒకటే పట్టీ ఉంది. మా దూరదర్శినిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది. కింద కనిపించేది ఉత్తరపు పట్టీ. పైన దక్షిణపు పట్టీ ఉండవలసిన చోట అంతా తెలుపు. ప్రకాశరావు గారిని పిలిచాను. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశారు. ఒకటే అన్నారు.

ఆయన మొదటి అనుమానం పత్తి మీద. ఆ వారమంతా పత్తి బండ్లు ఆవరణ పక్కనుంచే పోతున్నాయి. నూగు గాలిలో తేలి దేనికి పడితే దానికి అంటుకుంటోంది. అద్దం మీద పడితే సన్న వివరాలు చెదిరిపోవచ్చు. రెండో అనుమానం బాట మీద. గతుకుల్లో బస్సు ఊగితే గొట్టంలోని రెండు అద్దాలూ వరస తప్పుతాయి. మర్నాడు పగలంతా ఆయన ఆ పని మీదే ఉన్నారు. చర్చి తలుపులు మూసి, లోపల దుప్పటి పరిచి, అద్దం తీసి రబ్బరు బంతితో గాలి ఊది నూగు దులిపారు. చీకటి పడ్డాక రోహిణి నక్షత్రం మీద గొట్టం నిలిపి, కావాలని మసక చేశారు. అద్దాలు వరసలో ఉంటే మసక చేసిన నక్షత్రం చుట్టూ ఉంగరాలు ఒకదానిలో ఒకటి సరిగ్గా నడిమధ్యకు వస్తాయి. లేకుంటే ఒక పక్కకు ఒరుగుతాయి. అద్దం వెనక మూడు మరలు తిప్పి ఆయన ఉంగరాలను మధ్యకు తెచ్చారు. నేనూ చూశాను. లోపం లేదు. తరువాత గురుగ్రహం మీదికి తిప్పాం. ఒకటే పట్టీ.

ఆ రెండో సాయంత్రం ఒక పని చేసి చూశాను. మొదటి జట్టును బస్సు ఎక్కించకుండా నేరుగా గొట్టం దగ్గరకు పంపాను. పట్టీల మాట ఎత్తకుండా, ఏం కనపడిందో చెప్పండి అని మాత్రం అడిగాను. చాలామంది గుండ్రంగా ఉందన్నారు. చారలు చూసినవాళ్ళందరూ ఒకటే అన్నారు. రెండో జట్టును మామూలుగా బస్సు మీదుగా తెచ్చాను. వాళ్ళంతా రెండు అన్నారు. వాళ్ళలో ఎవరూ అబద్ధమాడుతున్నట్టు లేరు. ఊరికి శ్రమపడి వచ్చిన ఆడమనిషి, చంటిపిల్ల తల్లి, రెండున్నాయని చెబుతుంటే లేవనడం మర్యాద కాదనుకున్నారు. ఆ ప్రాంతపు మర్యాద నాకు కొత్త కాదు. మా ఇంట్లోనూ చుట్టాలు కూర తిని చప్పగా ఉందనరు.

సామాను సర్దుతూ ప్రకాశరావు గారు అన్నారు: "అమ్మా, రేపొక్కరోజు జనాన్ని బస్సు మీదుగానే పంపండి. ఐదుగురూ రెండే అంటారు. ఆయన సరేనని పోతాడు. ఎల్లుండి నుంచి ఒకటని చెబుదాం."

ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. నా జీతం ఇంటికి కావాలి. అంతకంటే, ఆ పని నాకు కావాలి. ఎమ్మెస్సీ చదివి నాలుగు గోడల మధ్య కూర్చున్న నా స్నేహితురాళ్ళలో ఊళ్ళ మీద ఆకాశం చూపిస్తూ తిరిగేదాన్ని నేనొక్కదాన్నే. పైగా పాప అక్కడ ఉంది. బోర్డుకు తేడాగా ఏ మాట వచ్చినా క్యురేటర్ దృష్టి పాప మీదకే పోతుందని తెలుసు. నిద్ర పట్టలేదు. పాప కదిలినప్పుడల్లా లేచి దాని నుదురు తాకి చూశాను. కానీ సువార్తమ్మ అన్నది చెవిలోంచి పోలేదు. ఉండాలంటే రెండనే చెబుతాలే. ఆమె మర్యాదగా ఇవ్వబోయినదాన్ని నేను ఊరందరి దగ్గరా నా పోస్టు కోసం అడిగి పుచ్చుకోవాలి. నా పని వాళ్ళకు చూపించడం. వాళ్ళ చేత నాకు కావలసింది అనిపించుకుంటే ఇంక ఆ గొట్టం మోసుకు తిరగడం ఎందుకు? తెల్లారి ప్రకాశరావు గారితో, ముందు గొట్టం, తరువాతే బస్సు అని చెప్పాను. ఆయన తాడు తెచ్చి వరస అటు తిప్పి కట్టారు.

శేషగిరిరావు గారు పొద్దు వాలే వేళకు జీపులో వచ్చారు. దిగగానే ఆయన కంటబడ్డది బస్సు వెనక నిచ్చెనమీద ఆరేసిన పాప గుడ్డలు. అవేమిటని అడిగారు. లెన్సు తుడిచే గుడ్డలండీ అన్నారు ప్రకాశరావు గారు, నేను నోరు తెరిచేలోపు.

"కుచ్చులున్న లెన్సు గుడ్డలు నేను కొన్నట్టు గుర్తులేదే," అన్నారు క్యురేటర్.

అదే సమయానికి అరుగు మీద పాప కేరింత కొట్టింది. ఆయన అటు చూశారు, నన్ను చూశారు, చేతిగడియారం చూసుకుని, మొదలుపెట్టండి అన్నారు.

నక్షత్రం ఆర్పారు. వరస గొట్టం దగ్గర మొదలవడం ఆయన గమనించారు.  కాసేపటికి ఐదుగురిని పిలిచారు. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను, మాటలు వినబడుతున్నాయి. మొదటివాడు ఒక చార అన్నాడు. రెండో ఆవిడ ఒకటే అంది. మూడు, నాలుగు, ఐదు, అందరూ ఒకటే. ఆఖరివాడు, రెండుంటే బాగుండునాండీ అని కూడా అడిగాడు.

ఆయన నా దగ్గరకు వచ్చారు. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే మనిషి.

"పరికరం వరస తప్పిందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. చంటిపిల్లని వెంటేసుకుని వస్తే పరికరం ఎప్పుడు చూసుకుంటారమ్మా?"

 చెప్పవలసింది వరసగా చెప్పాను. నిన్న అద్దం దులిపామని, రోహిణి మీద ఉంగరాలు సరిచూశామని, తమరు కూడా చూడాలని. ఆయన చొక్కా చేతులు మడుచుకుని తానే రోహిణి మీదికి గొట్టం తిప్పారు. మసక చేశారు. ఉంగరాలు నడిమధ్యనే ఉన్నాయి. తరువాత గురుగ్రహం. కన్ను పెట్టిన మనిషి తీయలేదు.  పక్క వీధిలో క్రిస్మస్ పాటలవాళ్ళ డోలక్ వినిపిస్తోంది. సువార్తమ్మ పాపను తీసుకుని మెల్లగా నా పక్కకు వచ్చి నిలబడింది.

చివరకు తల ఎత్తకుండానే, ఎర్రమచ్చ చూశారా అని అడిగారు. గురుగ్రహం దక్షిణార్ధంలో భూమి కంటే పెద్దదైన తుఫాను ఒకటి ఉంది. దాన్ని ఎర్రమచ్చ అంటారు. మా దూరదర్శినికి అది అందడం అరుదు. పక్కనే నల్లపట్టీ ఉండడం వల్ల దానిలో కలిసిపోతుంది. నేను వంగి చూశాను. పట్టీ లేని తెల్లటి చోట, అన్నంలో పడ్డ ఎండుమిరప తునకలా, మచ్చ విడిగా కనిపిస్తోంది. అంత సన్నని గుర్తును చూపించే గొట్టం వరస తప్పిందనడానికి వీల్లేదు. ఆ సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన నడుము పట్టుకుని నిటారుగా నిలబడి, పట్టీ లేదు అన్నారు. కోపం పోయింది. చిన్నపిల్లాడి ముఖం వచ్చింది.

ఇది ముందు ఎవరు చూశారని అడిగారు. సువార్తమ్మను చూపించాను.

"నువ్వు బోర్డు చూడలేదా అమ్మా? బోర్డులో రెండున్నాయిగా?"

"ఎట్టా చూస్తానయ్యా? పిల్లనెత్తుకుని బస్సెక్కొద్దని రాసిపెట్టారంటగా తమరు."

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ తరువాత నన్ను పక్కకు జరగమని, ఊరివాళ్ళకు తానే చెప్పారు. పట్టీ ఎక్కడికీ పోయి ఉండదు. పైన తెల్లని అమ్మోనియా మబ్బు కమ్మి దాన్ని కప్పి ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ మబ్బు విడుతుంది. ఎంతకాలానికో తాను చెప్పలేనన్నారు. మొన్న మూడు కనపడ్డాయన్న పెద్దరైతు అడిగారు:

"పత్తి పగిలినాక చేలో నల్లనేల కనపడనట్టా అండీ?"

"సరిగ్గా అట్లాగే."

"అయితే తీతకు మనుషులు దొరకడం కష్టమే అక్కడ."

"అంత దూరం కూలికి నేను రానయ్యో," అంది సువార్తమ్మ. "పోయి రావడానికే పొద్దు చాలదు."

జనం వెళ్ళాక ఆయన బస్సులోకి వచ్చి బోర్డు ముందు నిలబడ్డారు. ప్రకాశరావు గారు రెండో పట్టీని రంగు వేసి చెరిపేయమంటారా అని అడిగారు. క్యురేటర్ ఒక్క క్షణం ఆలోచించి, "చెరపొద్దు, కప్పండి," అన్నారు. తెల్ల కాగితం సన్నగా కత్తిరించి, అన్నం మెతుకులతో గురుగ్రహం దక్షిణపు పట్టీ మీద అంటించాం. ఆ తరువాత ఆయన "గుర్తింపు లక్షణం" గడిలోని ఎర్ర అక్షరాల మీద కూడా ఒక కాగితం అంటించమన్నారు. అప్పుడు ఆయన చెప్పింది నాకు ఆ నాలుగేళ్ళలో దొరికిన పెద్ద పాఠం. తరగతి కట్టడానికి మారని లక్షణం కావాలి. నేల లేకపోవడం, లోపల ఏ సరుకు ఎంత ఉందన్నది, ఇవి మారవు. పట్టీలు, మచ్చలు పైపై వాతావరణం. అవి వస్తాయి, పోతాయి. చూడగానే కనబడేది కనుక తాను దాన్ని లక్షణం చేశానన్నారు. యురేనస్, నెప్ట్యూన్ బొమ్మలను వేలితో తట్టి, ఈ రెండింటిలో నీరు, మీథేన్, అమ్మోనియా వంటి గడ్డకట్టే సరుకు పాలు ఎక్కువ, వీటిని గురుడు, శని పక్కన ఒకే పీట మీద కూర్చోబెట్టడం ఎంతకాలం చెల్లుతుందో చూడాలన్నారు. ఆ ఆగస్టులోనే అమెరికావాళ్ళ వ్యోమనౌక నెప్ట్యూన్‌ను దాటుతూ, ఆ నీలిగ్రహం మీద కూడా ఒక నల్లమచ్చను ఫొటో తీసింది. దాన్ని లక్షణంగా రాయబోయి ఆపుకున్నానని, ఆపుకోవడమే మేలైందని కూడా అన్నారు.

జీపు ఎక్కుతూ నన్ను పిలిచారు. పాప నా చంకలో ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక అలాగే నిలబడ్డాను.

"పిల్ల సంగతి నేను అడగలేదు, మీరు చెప్పలేదు," అన్నారు. "వచ్చే ఏడాది పర్యటన పట్టికలో గొట్టం ముందు, బస్సు తరువాత అని మార్చండి. మార్చేది మీరే కదా."

ఆ ఆఖరి మాటతో పొడిగింపు ఖాయమైందని అర్థమైంది. ప్రకాశరావు గారు జీపు దీపాలు కనుమరుగయ్యేదాకా ఆగి, కుచ్చుల లెన్సు గుడ్డలు తీసి మడతపెట్టి నా చేతికిచ్చారు.

గుంటూరు చేరాక క్యురేటర్ పాత పత్రికలు తిరగేశారు. గురుగ్రహం దక్షిణపు పట్టీ ఇలా మాయమై మళ్ళీ రావడం ఇంతకుముందూ జరిగిందట. ఆ విషయం తెలియక తాను రాసింది తప్పని సిబ్బంది సమావేశంలో మామూలు గొంతుతోనే చెప్పారు. అలా చెప్పగల పై అధికారి ఎంత అరుదో తరువాత ఇంకొకచోట పనిచేసే స్నేహితురాళ్ళ మాటలు విన్నాక తెలిసింది. మరుసటి ఏడు గురుడు సూర్యుడి వెనక నుంచి తిరిగి వచ్చేసరికి పట్టీ కూడా తిరిగి వచ్చింది. ఆ సంగతి వాడరేవు శిబిరంలో, తెల్లవారుజామున వలలకు పోయేవాళ్ళకు చూపిస్తూ చూశాం. బోర్డు మీది కాగితం తడిపి మెల్లగా ఊడదీసింది నేనే. కింద రంగు చెక్కుచెదరలేదు. "గుర్తింపు లక్షణం" మీద అంటించిన కాగితం మాత్రం తీయలేదు.

కొంతకాలానికి చిన్నవాడు కడుపున పడ్డాడు. నా ఇష్టంతోనే మానేశాను. సువార్తమ్మకు ఒక చీర పంపాను. ఆమెకు పెట్టవలసింది చాలా ఉన్నా, అప్పట్లో అంతకంటే నాకు చేతకాలేదు. ఆమె ప్రకాశరావు గారితో ఒక సంచి మిరపకాయలు, పిల్లకు మాత్రం పెట్టొద్దన్న హెచ్చరికా పంపింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఉపయోగపడేది ఇంతే. మన మాట వినడానికి వచ్చినవాళ్ళు మనల్ని నొప్పించరు. మనం ఏం చూడమంటే అది చూశామంటారు. కాబట్టి ముందు చూపించాలి, వాళ్ళు చెప్పింది పూర్తిగా వినాలి, బోర్డు ఆ తరువాతే. ఆ వరస తప్పితే, గొట్టం ఎంత బాగున్నా, దానిలో కనబడేది మన బోర్డే.